మాస్టారి గుటక

మా ఇంట్లో ఆలుమగలిద్దరం ఇంగ్లీషు టీచర్లమే. పొద్దస్తమానం పిల్లలకి "శ్రద్ధగా వినండి, శ్రద్ధగా వినండి" అని చెప్పి జీతం తెచ్చుకునేవాళ్లం. అలాంటిది ఇంట్లో ఒకరి మాట ఒకరు విన్న పాపాన పోలేదు. ఎవరికి చెప్పుకున్నా నవ్వుతారు. ఆ ఏడాది పరీక్షల కాలంలో నాకైతే నవ్వు రాలేదు. ఇప్పుడు తల్చుకున్నా ఒళ్లు మండుతుంది.

చలి వెనక్కి తగ్గి, ఎండ ఇంకా ముదరని రోజుల్లో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పదో తరగతి ఇంగ్లీషులో రీడింగ్ అని ఒకటి, లిజనింగ్ అని ఒకటి ఎప్పట్నుంచో ఉన్నాయి. రీడింగ్ అంటే ఇచ్చిన పేరా చదువుకుని ప్రశ్నలకి జవాబులు రాయడం. లిజనింగ్‌లో పేరా పిల్లల చేతికివ్వరు, ప్రశ్నలే ఇస్తారు. టీచరు ఆ పేరాని రెండుసార్లు పైకి చదివితే విని రాయాలి. అంతకుముందు రెండిటి మార్కులూ కలిపేసేవాళ్లు కాబట్టి ఒకదాంట్లో తప్పినా ఇంకోదాంతో గట్టెక్కేవాళ్లు. ఇకమీదట లిజనింగ్‌లో విడిగా పాసవ్వాలట. అందులో తప్పితే ఇంగ్లీషు తప్పినట్టే, ఏడాది పోయినట్టే. పైగా ఏ టీచరూ తన పిల్లలకి తను చదవకూడదట. స్కూళ్లు మార్చి పంపుతారట, చదివినవాళ్లే పేపర్లు దిద్దాలట.

నాకు పడ్డ స్కూలు పేరు చూసి గుండె గుభేల్మంది. అది మా ఆయన స్కూలు. ఆ పదో తరగతిలోనే మా అక్క కూతురు కూడా ఉంది. మా బావగారికి ఊరూరా తిరిగే ఉద్యోగం కావడంతో పిల్ల మా దగ్గరే ఉండి చదువుకుంటోంది. ఇదేదో పొరపాటున పడి ఉంటుందని మర్నాడే విద్యాశాఖ ఆఫీసుకి వెళ్లాను.

గుమస్తా నా మాట సగం వినకుండానే ఉత్తర్వు తీసి ముందు పెట్టాడు. "మేడం, రూల్లో ఏముంది? అదే స్కూలు టీచరు కాకూడదు. మీరు అదే స్కూలా?"

"కాదండీ. అక్కడ ఇంగ్లీషు చెప్పేది మా ఆయన."

"మీ ఆయన కదా. మీరు కాదుగా."

"మా అక్క కూతురు ఆ క్లాసులోనే ఉంది. మా ఇంట్లోనే ఉంటుంది."

గుమస్తా కాగితం మీద వేలు జరుపుకుంటూ చదివాడు. "కొడుకు, కూతురు, తమ్ముడు, చెల్లెలు... అక్క కూతురు లేదండీ ఇందులో."

"లేకపోతే రాసుకోండి."

"నేను రాస్తే అది రూలెందుకవుతుంది మేడం?" అని జాలిగా నా వంక చూశాడు. ఆ జాలి చూపుకి నాకు ఇంకా కడుపు మండింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "మంచిదేగా! రా, వచ్చి చూడు మా పిల్లల తడాఖా. లిజనింగ్‌లో ఏటా మా స్కూలే ఫస్టు. ఊరికే వచ్చిందా ఆ పేరు? నీకూ నాలుగు ముక్కలు తెలుస్తాయి." నేను పళ్లు నూరుకుంటూ కాఫీ కలిపాను.

అసలు పరీక్షకి ముందు ఒక నమూనా పరీక్ష పెట్టమన్నారు. ఆ రోజు నేను వాళ్ల క్లాసులోకి వెళ్లి నిలబడ్డాను. కిటికీ రెక్కలు వేయించి, ఫ్యాను ఆపించి, రూలు పుస్తకంలో చెప్పినట్టే చదివాను. ఎక్కడా ఒత్తి పలకకూడదు, ఎక్కడా ఆగకూడదు, మొహంలో ఏ భావమూ కనపడకూడదు. వినేవాళ్లకి విసుగొచ్చేంత సమానంగా చదవాలి. అలాగే చదివాను.

చదువుతూ మధ్యలో తలెత్తి చూద్దును కదా, క్లాసు క్లాసంతా పెన్నులు గాల్లో పెట్టుకుని నా మెడ వైపే చూస్తోంది. కళ్లలోకి కాదు, నోటివైపు కాదు, మెడవైపు. గొలుసేమైనా తిరగబడిందేమోనని తడుముకున్నాను. బాగానే ఉంది. రెండోసారీ అదే చూపు. పేపర్లు తీసుకుంటే సగానికి పైగా తెల్లగా ఉన్నాయి.

చివరి బెంచీలోంచి తాడిచెట్టంత కుర్రాడొకడు లేచాడు. "టీచర్, మీరు ఎక్కడా ఆగలేదు."

"ఆగకూడదు నాన్నా. అది రూలు."

"మరి మాకెలా తెలుస్తుంది టీచర్?"

"ఏది తెలియడం?"

వాడు అటూ ఇటూ స్నేహితుల మొహాలు చూసి, నీళ్లు నమిలి కూర్చున్నాడు.

రీడింగ్ పేపర్లు చూస్తే అదింకో గొడవ. పేరాలో ఒక ముసలామె తన చెప్పులు తనే దాచుకుని, ఎక్కడ దాచిందో మర్చిపోయి, ఊరంతటినీ తిట్టి, చివరికి దొరికాక నవ్వుతుంది. ఆమె ఎందుకు నవ్విందని ప్రశ్న. అందరూ ఒకే జవాబు రాశారు: ముసలామె నవ్వింది. ఎందుకురా అంటే నవ్వింది కాబట్టి. మా ఆయన పద్ధతి అది. ప్రశ్నలో మాట పట్టుకో, పేరాలో ఆ మాట వెతుకు, ఆ వాక్యం దించెయ్. ముసలామె గొడవ మనకెందుకు!

లిజనింగ్‌లో ఆ రోజు పాసైనవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. తప్పినవాళ్లలో మా పిల్ల కూడా ఉంది. సాయంత్రం ఇద్దరం కలిసి ఇంటికి నడిచొస్తుంటే దారంతా సంచీ కాలితో తన్నుకుంటూ నడిచింది. చివరికి ఉండబట్టలేక అడిగింది.

"పిన్నీ, నువ్వు బాబాయిలా చదవవేం?"

"ఆయన ఎలా చదువుతాడేం?"

పిల్ల నడిరోడ్డు మీద ఆగిపోయింది. సంచీ కింద పెట్టి, లేని కళ్లజోడు ముక్కు మీదికి తోసుకుని, లేని పుస్తకం చేత్తో పట్టుకుని, అచ్చం మా ఆయన గొంతుతో ఇంగ్లీషులో గడగడా ఏదో చదివింది. చదువుతూ చదువుతూ చటుక్కున ఆగింది. గడ్డం పైకెత్తి ఒక గుటక మింగింది. తర్వాత ఒకే ఒక్క మాట పలికి మళ్లీ గడగడా అందుకుంది.

"అదీ సంగతి. గుటక పడిందంటే పెన్ను పడాలి. గుటక తర్వాత వచ్చేదే జవాబు. అన్నలూ అక్కలూ చెప్పిపెట్టారు మాకు. బాబాయిని అందరూ గుటక మాస్టారంటారు. నువ్వు చెప్పకు."

"ఆయన కావాలనే చేస్తున్నాడా?"

"అయ్యో, బాబాయికేం తెలుసు పాపం!"

నాకు తెలుసు ఆ గుటక. పెళ్లయినప్పట్నుంచీ దాంతోనే కాపురం చేస్తున్నాను. ముఖ్యమైన మాట ఏది చెప్పాలన్నా ముందు ఆయన గొంతులో ఆ ముడి పైకి లేచి కిందికి దిగాల్సిందే. బదిలీ అయిందని చెప్పేముందు గుటక. కూర బాగాలేదని చెప్పేముందు గుటక. నా పుట్టినరోజు మర్చిపోయానని ఒప్పుకునేముందు రెండు గుటకలు. ఇన్నేళ్లూ అది నాకొక్కదానికే తెలుసనుకున్నాను. ఊళ్లో పిల్లలంతా దాని మీద పాసైపోతున్నారని నాకేం తెలుసు?

ఆ సాయంత్రం మెల్లిగా, నొప్పించకుండా చెప్పాను. ఆయన ముందు పకపకా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు.

"అంటే నా పిల్లలకి ఇంగ్లీషు రాదంటావు."

"రాదనడం లేదండీ. వాళ్లు ఇంగ్లీషు వినడం లేదు, మీ గొంతు వింటున్నారు అంటున్నాను."

"నువ్వు రైల్వే స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పేదానిలా చదివొచ్చి, పిల్లలకి అర్థం కాలేదని నా మీద పెడతావేం? నీ స్కూలు ఎప్పుడైనా ఫస్టొచ్చిందా?"

"నా స్కూలు ఊసెందుకిప్పుడు?"

"ఎందుకంటే..." అని ఆగి, గుటక మింగి, "కుళ్లు!" అన్నాడు.

"ఇదిగో! ఇప్పుడు మింగారు చూడండి!" అని అరిచాను. ఆయన విసురుగా లేచి వెళ్లిపోయాడు. లోపల పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ తర్వాత వారాలు ఎలా గడిచాయో నాకే తెలుసు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేవాడు గానీ ఉలుకూ పలుకూ లేదు. ఒకరోజు దిద్దిన పేపర్లు ఇచ్చే వంకతో వాళ్ల స్కూలుకి వెళ్లి వరండాలో నిలబడ్డాను. ఆయన చదువుతున్నాడు. నిజం చెప్పొద్దూ, ఎంత బాగా చదువుతాడో! ఆ గొంతు వింటూ నేనూ ఒక్క క్షణం మైమరిచాను. అంతలో గుటక పడింది. పెన్నులన్నీ ఒక్కసారిగా కాగితాల మీద వాలాయి. ఒక్క పిల్లకీ పిల్లాడికీ కథేమిటో పట్టలేదు. మళ్లీ గుటక, మళ్లీ పెన్నులు. ఆయన పుస్తకం దించి గర్వంగా క్లాసుకేసి చూసుకున్నాడు.

ఆ మొహం చూస్తే కోపంతో పాటు జాలి కూడా వేసింది. అంత ఇష్టంగా చెబుతున్నాడు. ఆయన చెప్పేది వాళ్ల తలల్లోకి చేరడం లేదు.

సరే, ఇంట్లో గోడకి చెప్పుకున్నట్టుంది, కనీసం స్కూల్లోనైనా చెబుదామని అటునుంచటే పెద్ద మేడం గదికి వెళ్లాను. ఆవిడ పేపర్లు తిరగేసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మీ ఆయన చదివితే ఫస్టొస్తున్నారు. మీరొచ్చి చదివితే బోల్తా పడ్డారు. మీరేమీ అనుకోనంటే అడుగుతాను, లోపం ఎక్కడుందంటారు?"

"అది కాదు మేడం, నేను చెప్పేదేంటంటే..."

"పరీక్షలు ముంచుకొస్తున్నాయమ్మా. ఇప్పుడు పిల్లల్ని కంగారు పెట్టకండి. అసలు పరీక్ష రోజు కాస్త మంచిగా చదవండి, చాలు."

కాస్త మంచిగా చదవాలట! ఆ మాట నెమరేసుకుంటూ ఇల్లు చేరేసరికి తలనొప్పి పట్టుకుంది.

ఇక ఎవరితోనూ కాదని, మా పిల్లనైనా గట్టెక్కిద్దామని పొద్దున్నే వంటింట్లో మొదలుపెట్టాను. నేను గోడవైపు తిరిగి చదవాలి, తను వినాలి. మొదట్లో తల ప్రాణం తోకకొచ్చేది. "మళ్లీ చదువు పిన్నీ" అనేది, "కొంచెం ఆగి చదువు పిన్నీ" అనేది. రెండు వాక్యాలు దాటేసరికి ఇంకెక్కడో ఉండేది. కోపమొచ్చి పుస్తకం విసిరేసి వెళ్లిపోయేది. నేనూ తక్కువ తినలేదు, నాలుగు తిట్టి మళ్లీ పిలుచుకొచ్చేదాన్ని.

"నాకు ఒక్కో మాటా తెలుస్తుంది పిన్నీ. కలిపి చదివితే అంతా పోతుంది" అని ఒకరోజు బావురుమంది.

"మాటలు పట్టుకోకు. ఏం జరుగుతోందో పట్టుకో. ఎవరొచ్చారు, ఏం చేశారు, తర్వాతేమైంది. పక్కింటి గొడవ చెవులు రిక్కించి వింటావే, అలా విను."

అది పనిచేసింది. పక్కింటి గొడవలంటే ఎవరికి చేదు! కొద్దికొద్దిగా దారిలో పడింది. ఒకరోజు కూర కలుపుతూ ఒక పేరా చదువుతున్నాను. రైలు గార్డు తన కోటు వెయిటింగ్ రూములో వదిలేసి వెళ్తాడు. చలేసి ఎవరో ప్రయాణికుడు అది తొడుక్కుంటాడు. అక్కణ్ణుంచి అందరూ అతన్నే రైలెప్పుడొస్తుందని అడగడం మొదలుపెడతారు. అతను మొహమాటపడి ఒక్కొక్కరికీ ఒక్కో టైము చెబుతూ పోతాడు. ఆ మాట దగ్గరకొచ్చేసరికి నా వెనక కిసుక్కున నవ్వు వినిపించింది. గరిటె పట్టుకునే గిర్రున తిరిగాను. నేనింకా ప్రశ్నలు చదవనే లేదు. పిల్ల కథ విని నవ్వింది! నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్ల ఉద్యోగంలో లిజనింగ్ పేరా విని నవ్విన పిల్లని అప్పుడే చూశాను.

"ఏంటి పిన్నీ, కూర మాడుతోంది!" అంది.

"మాడనీ" అన్నాను.

ఆ మర్నాడు తన ఇద్దరు స్నేహితురాళ్లని వెంటబెట్టుకొచ్చింది. ఒకమ్మాయి వాళ్లమ్మతో కలిసి కుట్టుమిషను కుడుతుంది, ఈ ఏడాది పోతే ఇక చదివించరని చెప్పేశారట. ముగ్గురూ వంటింటి గడప మీద వరసగా కూర్చున్నారు. నేను పుస్తకం తెరిచానో లేదో మా ఆయన గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"ఏంటిది? నా క్లాసు పిల్లలకి నా ఇంట్లోనే వేరే ట్యూషనా? రేపు బయట నా పరువేం కావాలి?"

"పరువు కాదండీ, పిల్లల ఏడాది పోతుంది."

"నా పిల్లల ఏడాది నేను చూసుకుంటాను. అమ్మా, మీరు లేవండి."

పాపం, ఆ పిల్లలు చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పరుగెత్తారు. మా పిల్ల గుడ్ల నీళ్లు కుక్కుకుని, "బాబాయ్, పిన్ని చెప్పేది ఒక్కసారి వినొచ్చుగా" అంది. ఆయన వింటేగా! "నీకేం తెలుసు, నువ్వూరుకో" అన్నాడు. ఆ రోజునుంచి మా ఇంట్లో మాటలు పొదుపైపోయాయి. ఉప్పు కావాలన్నా పిల్ల ద్వారానే కబురు.

పరీక్ష రోజు రానే వచ్చింది. ఎండ చురుక్కుమంటోంది. సీలు వేసిన కవరు అందరి ముందూ చింపి, నమూనా పరీక్ష రోజులాగే కిటికీలు వేయించి చదవడం మొదలుపెట్టాను.

పేరా నిజంగా బాగుంది. ఊరి గోపురం మీద గడియారం నడవడం మానేస్తుంది. బాగుచెయ్యడానికి వచ్చినవాడు లోపల చూస్తే పక్షి గూడు, అందులో పిల్లలు. రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా ముట్టుకోనని వెళ్లిపోతాడు. అప్పటిదాకా జనం టైమెలా చూసుకోవాలి? కొందరు ఎండని చూస్తారు, కొందరు మూల దుకాణం తెరిచే వేళని బట్టి లేస్తారు, పోనుపోను ఊరంతా బడిగంటనే నమ్ముకుంటుంది. జనం చివరికి దేన్ని నమ్ముకున్నారని ఆఖరి ప్రశ్న. మూడూ చెప్పి ఒకటి ఏరమంటున్నారు. సరిగా వినేవాళ్లకి కూడా కాస్త కష్టమైనదే.

మొదటిసారి సమానంగా, చదునుగా చదివాను. మధ్యలో మా పిల్ల పెదవి మీద చిన్న నవ్వు కదిలి మాయమైంది. తల వంచుకుని చకచకా రాసుకుపోయింది. మిగతా క్లాసు మాత్రం నా మెడకేసే చూస్తోంది. తాడిచెట్టు కుర్రాడు కళ్లు గట్టిగా మూసుకుని విన్నాడు. పాపం, కళ్లు మూసుకున్నంత మాత్రాన వినబడుతుందా? కుట్టుమిషను పిల్ల కాగితం మీద తన పేరు దిద్దిందే దిద్దుతోంది. ఇంకేం రాయాలో తెలియక.

రెండోసారి చదివేముందు కొద్దిసేపు ఆగాలి. ఆ కాసేపూ ఆ మొహాలు చూస్తూ నిలబడ్డాను. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. రూలు రాసినవాళ్ల మీద, దాన్ని పట్టుకు వేలాడిన గుమస్తా మీద, కాస్త మంచిగా చదవమన్న పెద్ద మేడం మీద, అందరికంటే ఎక్కువ మా ఆయన మీద. ఇంతమంది పెద్దవాళ్లం చేసిన నిర్వాకం ఇది. ఏడాది పోయేది మాత్రం వీళ్లకి.

కాగితం ఎత్తి మళ్లీ చదవడం మొదలుపెట్టాను. గడియారంలో ఏముందో చెప్పే వాక్యం వచ్చింది. గుటక మింగాను.

పెన్నులన్నీ ఒక్కసారిగా వాలాయి. ఇక ఆపలేదు. జవాబు వచ్చే ప్రతిచోటా ఆగాను. ఆయన ఎలా ఆగుతాడో నాకంటే ఎవరికి బాగా తెలుసు? ఆఖర్న బడిగంట దగ్గర కూడా ఆగాను. అక్కడ మా పిల్ల తలెత్తింది. నా వంక చూసింది, తన కాగితం వంక చూసుకుంది, మళ్లీ నా వంక చూసింది. తర్వాత పెన్ను మూత పెట్టేసి చేతులు కట్టుకుని కూర్చుంది. గంట కొట్టేదాకా ఆ చేతులు విప్పలేదు.

పేపర్లు దిద్దుతుంటే ఎర్ర ఇంకుకి పనే లేకపోయింది. అన్నీ ఒప్పులే. అందరివీ అన్నీ ఒప్పులే. కుట్టుమిషను పిల్లదీ, తాడిచెట్టుదీ, అందరివీ. ఒక్క పేపర్లో మాత్రం ఆఖరి జవాబు తప్పు. దుకాణం అని రాసి ఉంది. కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు. ఆ రాత మా ఇంట్లో రోజూ చూసే రాతే. గుటక విన్నాక కొట్టేసి బడిగంట అని రాయడానికి బోలెడు టైముంది. రాయలేదు. ఆ పేపరు అడుక్కి నెట్టి, మిగతావన్నీ దిద్దాక మళ్లీ పైకి తీశాను. చివరికి తప్పు పెట్టక తప్పలేదు.

ఫలితాలొచ్చిన రోజు మా ఆయన మిఠాయి పొట్లంతో ఇంట్లో అడుగుపెట్టాడు. అన్ని వారాల మౌనం ఎటు పోయిందో తెలియదు, గుమ్మంలోంచే కేకలు.

"విన్నావా? క్లాసు క్లాసంతా ఫుల్ మార్కులు! అదీ నువ్వు చదివితే, నువ్వు దిద్దితే! ఇప్పుడేమంటావు?"

ఏమంటాను? నిజం చెబితే ఆ పిల్లల మార్కులన్నీ గాల్లో కలిసిపోతాయి. చెప్పకపోతే ఈ మనిషి చచ్చేదాకా తనదే నెగ్గిందనుకుంటాడు.

"ఆఫీసునుంచి పిలుపు కూడా వచ్చింది" అని ఒక గుటక మింగి, "లిజనింగ్ ఎలా నేర్పాలో వచ్చే ఏడాది టీచర్లందరికీ నేనే చెప్పాలట. నువ్వూ రావాలి మరి, ముందు వరసలో కూర్చుని వినాలి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆయన మనసులో కల్మషం లేదు, అదే ఇంకా మంట.

ఆ నవ్వుతోనే నాకు పిల్లని చూపించాడు. "అందరికీ ఫుల్ మార్కులొచ్చి మన పిల్లకే ఒకటి తగ్గింది చూశావా? వంటింట్లో గోడకేసి తిరిగి చదివి దాని బుర్ర పాడుచేశావు. నా దారిన నన్ను వదిలేసి ఉంటే దీనికీ వచ్చేవి."

నోటిదాకా వచ్చిన మాటని బలవంతాన మింగాను. పిల్ల మాత్రం నెమ్మదిగా, పెద్దమనిషిలా చెప్పింది.

"ఆ ఒక్కటీ నాకు నిజంగా అర్థం కాలేదు బాబాయ్. మిగతావన్నీ అర్థమయ్యాయి."

"అర్థం కాకపోతే అడగాలమ్మా" అని ఆయన దాని నోట్లో మిఠాయి ముక్క పెట్టాడు. అది తిన్నది. నా వైపు మాత్రం చూడలేదు.

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ వంటింట్లో పుస్తకం తీశాను. పరీక్షలైపోయాయి నిజమే. కానీ ఆ నవ్వు ఇంకోసారి వినాలని నాకు ఆశగా ఉంది. గోడవైపు తిరిగి మొదటి వాక్యం ఎత్తుకున్నాను.

"వద్దు పిన్నీ" అంది వెనకనుంచి.

"ఏం తల్లీ? కోపమా?"

"కోపం కాదు." అలమర మీంచి రేడియో దించి, తుడిచి, ఇంగ్లీషు వార్తలొచ్చేచోటికి తిప్పుకుంటూ చెప్పింది. "ఇక దీంట్లో వింటాను. దీనికి ఎవరి మీదా జాలి ఉండదు."